కొసరుగా వచ్చిన తోడేలు

పోయిన నెల మా వీధి ఆడవాళ్ళంతా కలిసి మైసూరు యాత్ర పెట్టుకున్నారు. బస్సు బాడుగ మాట్లాడే పని వచ్చేసరికి, ఎప్పుడూ లేనిది, అందరికీ నేను గుర్తుకు వచ్చాను. సోమందేపల్లెలో నాతో బేరమాడి నెగ్గినవాళ్ళు లేరని నాకొక పేరుంది. అది మంచి పేరో కాదో ఈ వయసులో కూడా తేల్చుకోలేకపోతున్నాను గానీ, కూరగాయల బండివాడు మా వీధి మలుపు తిరగగానే నా వాకిలి దగ్గర మాత్రం గొంతు తగ్గించి, చక్రాల వేగం పెంచుతాడన్నది నిజం. బస్సాయన గంటసేపు నాతో పెనుగులాడి, చివరికి రెండు చేతులూ ఎత్తి, "నీకో దండం పెద్దమ్మా, నువ్వు చెప్పిందే కానీ, ఇంక ఇడిసిపెట్టు" అన్నాడు. ఇంత ఘనంగా గెలిచినందుకు నాకు దక్కింది కిటికీ పక్క సీటు. బస్సంతా ఇద్దరిద్దరుగా సర్దుకుని కూర్చున్నారు. నా పక్కన మాత్రం నా చేతిసంచి కూర్చుంది.

కొండ మీద అమ్మవారి దర్శనం అయ్యాక, మధ్యాహ్నం బస్సును జూ దగ్గర ఆపారు. మావాళ్ళంతా పిల్లల కంటే ముందు పులి దగ్గరికి, జిరాఫీ దగ్గరికి పరుగు తీశారు. నేను నీడ ఉన్న చోటల్లా ఆగుతూ, మోకాళ్ళను బతిమాలుకుంటూ వాళ్ళకు వెనకబడి, ఎవరూ నిలబడని ఒక ఆవరణ ముందు అరుగు కనబడితే కూలబడ్డాను. గోడకు అవతల కందకం, కందకానికి అవతల ఎండుగడ్డి, రెండు బండలు, ఒక తుమ్మచెట్టు. మా ఊరి కొండ వాలును ఆ మేరకు కత్తిరించి తెచ్చి పరిచినట్టుంది. ఆ చెట్టు కింద మన్ను రంగులో ఉన్న ఒకటి లేచి, ఒళ్ళు విదిలించుకుని, పెద్ద చెవులు రెండూ నా వైపు తిప్పింది.

పక్కన బోర్డు ఉంది. కన్నడ అక్షరాలు నేను బడిలో నేర్చుకున్నవి కావు, మా అంగడికి వచ్చే బెల్లం బస్తాల మీద చదివి నేర్చుకున్నవి; ఇప్పటికీ అక్కరకు వస్తున్నాయి. కూడబలుక్కుంటూ చదివాను. ఈ జంతువుకు చెవులు పెద్దవి, కాళ్ళు సన్నగా పొడుగ్గా ఉంటాయి, తోక కుక్క తోకలా పైకి చుట్టుకోకుండా కిందికి వేలాడుతుంది, మొరగడం చాలా అరుదు, ఎండు మైదానాలలో, గొర్రెలు తిరిగే బీళ్ళలో బతుకుతుంది, వేగంగా అంతరించిపోతోంది అని రాసి ఉంది. చదివి నవ్వాను. గట్టిగానే నవ్వి ఉంటాను, ఎందుకంటే నన్ను వెతుక్కుంటూ వస్తున్న పక్కింటి కోడలు అక్కడే ఆగిపోయింది.

"ఏమత్తా, తోడేల్ని చూసి నగుతాండావు? పులి ఆ పక్కుండాది, రా. మళ్ళా చూడలేదంటావు."

"పులిని మీరు చూడండి పాపా. నా మోకాళ్ళు ఈడికే వస్తామన్నాయి" అని పంపించేశాను. ఆ బోర్డు మీద ఉన్న మాటలన్నీ, ఆ చివరి రెండు మాటలు తప్ప, పదేళ్ళ వయసులో మా అంగట్లో కూర్చుని నేనే చెప్పానని ఆ పిల్లతో అంటే, పెద్దామెకు ఎండ తగిలిందనుకునేది.

మన ఈడువాళ్ళకు పాత సోమందేపల్లె గుర్తుండే ఉంటుంది. రోడ్డు ఇంత వెడల్పు కాకముందు, లారీలు ఊరి మధ్యలోంచే దుమ్ము రేపుకుంటూ పోయే కాలంలో, బస్సులు ఆగే చోటుకు ఎదురుగా మా నాయన అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు. ఉప్పు నుంచి కిరసనాయిలు వరకు, లేదని చెప్పకుండా ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపే అంగడి. నన్ను కన్నతల్లి నాకు ఊహ తెలియకముందే పోయింది కాబట్టి, నేను ఉయ్యాలలో కంటే చింతపండు గంపల మధ్యనే ఎక్కువ పెరిగానని మా అవ్వ, అంటే నాయన తల్లి, చెప్పేది. నడక వచ్చినప్పటి నుంచి నాయన పంచె పట్టుకుని హిందూపురం సంతకు పోయేదాన్ని. నచ్చిన బెల్లం దిమ్మె కనబడితే నాయన దాని పక్కదాన్ని చేతిలోకి తీసుకునేవాడు. నచ్చినదాన్ని చివర్లో, ఏదో దారికి అడ్డం వచ్చినట్టు తీసి, చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుని, వేపాకు నమిలినట్టు మొహం పెట్టేవాడు. రంగు నలుపన్నాడా, ఉప్పగా ఉందన్నాడా, ఇసక తగిలిందన్నాడా, సాయంత్రానికి ఆ బెల్లం మా అంగట్లో ఉన్నట్టే లెక్క. మాట కుదరకపోతే కండువా దులిపి భుజాన వేసుకుని నడిచిపోయేవాడు. పది అడుగులు వేసేలోగా వెనక నుంచి పిలుపు వచ్చేది. నేను ఆగబోతే నా చెయ్యి నొక్కేవాడు.

"మొదటి పిలుపుకు తిరగొద్దు పాపా. తిరిగితే మన అక్కర వాళ్ళకు తెలిసిపోతాది. రెండో పిలుపు రానీ."

రెండో పిలుపు ఎప్పుడూ వచ్చేది. అది రాకుండా పోయే రోజు కూడా ఒకటి ఉంటుందని నాకు అప్పటికి తెలియదు.

ఈ విద్య నాకు పట్టుబడినంత బాగా ఎక్కాలు కూడా పట్టుబడలేదు. చింతపిక్కలాటలో నేను గెలిచిన పిక్కలు తిరిగి కావాలంటే, జామకాయో, రిబ్బనో, లేకపోతే నా వంతు కుండ నీళ్ళు మోసిపెట్టడమో ఏదో ఒకటి ఒప్పుకోవలసిందే. ఒప్పుకునేవాళ్ళు ఒప్పుకుంటూనే ఒక్కొక్కరే తగ్గిపోయారు. "దాంతో ఆడితే అంగడికి పోయొచ్చినట్టుంటాదే" అని ఒకతి అనడం నా చెవిన పడింది. అది మెచ్చుకోలు అనుకుని రెండు రోజులు మురిసిపోయాను. మూడో రోజు ఆటకు ఎవరూ పిలవలేదు. అప్పటి నుంచి బడి లేని మధ్యాహ్నాలన్నీ గోనెసంచుల మీద కూర్చుని తక్కెడతో మాట్లాడుకోవడమే నా ఆట.

వానలు మొహం చాటేసిన ఒక ఏడు, ఒక ఉదయం, నాయన పూజలో ఉంటే నేను అంగడి తలుపులు తీసి కూర్చున్నాను. బోణీ బేరానికి వచ్చినవాడు కొండకింది పల్లెలో గొర్రెలు కాసే ఆయన. మండుటెండలో కూడా భుజాన కంబళి లేకుండా కనబడడు కాబట్టి నేను కంబళి మామ అని పిలిచేదాన్ని. బీడీలు, బెల్లం తీసుకుని, అందరిలాగే కొసరు అడిగాడు. బోణీ వేళ ఊరికే కొసరు వెయ్యడం కుదరదన్నాను.

"ఊరికే వద్దులే పాపా. దీన్ని నువ్వు పెట్టుకో, ఇంకో బెల్లం గడ్డ ఎయ్యి" అంటూ కంబళి మడతలోంచి ఒక పిల్లను తీసి నా ఒళ్ళో వేశాడు.

అది వెచ్చగా ఉంది. పొట్ట ఎగసిపడుతోంది. నా బొటనవేలును నోట్లోకి తీసుకుని కొరకకుండా ఊరికే పట్టుకుంది. నాకు గుండెల్లో ఏదో జారినట్టయింది. అంటే, నచ్చిన బెల్లం కనబడిందన్నమాట. వెంటనే వేపాకు మొహం పెట్టాను.

"ఇదేం పిల్ల మామా! చెవులు చూడు, చాటలంత ఉండాయి. కాళ్ళు చూస్తే కట్టెపుల్లలు. తోక ముద్దుగా చుట్టుకోకుండా పాత చీపురు మాదిరి యాలాడతాంది. ఇంతసేపున్నింది, ఒక్కసారన్నా మొరిగిందా? మొరగని కుక్కను ఎవురన్నా పెట్టుకుంటారా?"

"నువ్వు చెప్పినేవన్నీ నిజమే పాపా" అన్నాడు మామ.

"గడ్డ ఇయ్యలేను. సగం గడ్డ."

"సగమే ఇయ్యి."

తన సరుకుకు ఎంచిన తప్పులన్నింటికీ తలూపేవాడు ఎదురైతే వెంటనే కాళ్ళకు బుద్ధి చెప్పమని నాయన నాకు నేర్పలేదు. అట్లాంటివాడు ఆయనకే ఎప్పుడూ తగల్లేదేమో. సగం బెల్లం గడ్డకు కుక్కపిల్లను కొట్టేశానని ఆ పూటంతా అంగడికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. కొసరు బేరంలో వచ్చింది కాబట్టి దానికి కొసరు అని పేరు పెట్టాను.

మాది నీచు ముట్టని ఇల్లు. కొసరు పాలతో, పెరుగన్నంతో, రాగిసంగటితో పెరిగింది. బెల్లమంటే ప్రాణం పెట్టేది. నేను బడికి పోతే ఊరి చివరి కల్లం దాకా వచ్చి, తిరిగి వచ్చేదాకా అక్కడే గడ్డిలో కనబడకుండా పడుకునేది. వీధికుక్కలు దాన్ని చూసి మొరగడం మానేసి పక్కకు తప్పుకునేవి. నా కుక్కకు ఎంత మర్యాద అనుకునేదాన్ని. దాని కళ్ళు రోజురోజుకూ నిమ్మపండు రంగుకు తిరుగుతున్నాయని అవ్వ సణిగేది. దీపాలు పెట్టే వేళ మాత్రం అది పెరటి గోడ ఎక్కి కూర్చుని కొండ వైపు చెవులు నిక్కించేది. అప్పుడప్పుడు ఆ వైపు నుంచి సన్నగా, పొడుగ్గా ఒక కేక వచ్చేది. కొసరు ఒళ్ళంతా వణికేది గానీ బదులు పలికేది కాదు. పాపం దానికి గొంతు లేదనుకుని, మాట్లాడే పని కూడా నేనే చేసేదాన్ని. ఆ ఏడు నేను మాట్లాడినన్ని మాటలు, ఏదీ బదులు అడగకుండా మాట్లాడినవి, మళ్ళీ జన్మలో మాట్లాడలేదు.

మొదట ఎదురింటి కోడి పోయింది. తరువాత ఒక గొర్రెపిల్ల. ఆ మధ్యాహ్నం కొండకింది పల్లె వాళ్ళు నలుగురైదుగురు కట్టెలతో వచ్చి అంగడి ముందు నిలబడ్డారు. వాళ్ళ వెనక కంబళి మామ తల వంచుకుని ఉన్నాడు.

"ఏమప్పా శెట్టీ, తోడేల్ని పెంచి మా మందల మీదికి ఇడుస్తాండావా?"

తోడేలు అనే మాట విని నేను కంబళి మామ మీదికి దూకినంత పని చేశాను. కుక్కపిల్ల అని చెప్పి మోసం చేశావన్నాను.

"నేను కుక్క అంటినా పాపా? కుక్క అన్నింది నువ్వు. నువ్వు చెవులంటివి, తోకంటివి, మొరగదంటివి. అన్నీ నిజమే అంటిని" అన్నాడాయన. తరువాత తనవాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించి చెప్పాడు. "తల్లిని మావోళ్ళు పొగబెట్టి చంపినారు. దీన్ని కొట్టెయ్యమని నాకిచ్చినారు. కండ్లు తెరిసి చూసె, చెయ్యి రాలేదు. నువ్వు అన్ని తప్పులు ఎంచినావు గానీ, దాన్ని ఒళ్ళోంచి దించలేదు. ఈ పిల్ల దగ్గర బతుకుతాదిలే అనుకుంటి."

అంత తెలివిగా బేరమాడాననుకున్న నన్ను, గొర్రెలు కాసుకునే మనిషి బెల్లం తింటున్నంత తేలికగా చదివేశాడు.

వాళ్ళు రెండే మాటలు చెప్పారు. దాన్ని వాళ్ళకు అప్పగించాలి, లేదంటే మళ్ళీ మందల దగ్గర కనబడితే తామే కొట్టి చంపుతారు. మా అంగడికి సరుకులకు వచ్చే ఫారెస్టు గార్డు ఒకాయన అడ్డం వచ్చి, మనిషి చేతి తిండి మరిగిన దాన్ని అడవిలో విడిచినా ఊళ్ళోకే వస్తుందని, మైసూరు జూలో ఒంటరి తోడేలు ఒకటి ఉందని, తాను కాగితం రాసిస్తానని చెప్పాడు. నాయన బేరమాడుతాడని ఎదురుచూశాను. వారం గడువైనా అడుగుతాడనుకున్నాను. ఆయన నా మొహం చూసి, కొసరు మొహం చూసి, "సరేప్పా" అన్నాడు. ఆయన మొదటి మాటకే ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తెలిసినవాళ్ళ చింతపండు లారీలో, మామిడిపండ్ల చెక్కపెట్టెలు రెండు కలిపి కొట్టిన పెద్ద పెట్టెలో కొసరును పెట్టుకుని మైసూరు పోయాం. దారి పొడుగునా పెట్టె సందులోంచి నా వేలు లోపల పెట్టి ఉంచాను. అది నా బొటనవేలును నోట్లోకి తీసుకుని, మొదటి రోజులాగే, కొరకకుండా పట్టుకుంది. ఆ జూలో ఏనుగులు, నీటిగుర్రం, తెల్లనెమలి ఉండేవట. నేనేమీ చూడలేదు. నా బుర్రలో ఒక్కటే లెక్క తిరుగుతోంది. వాళ్ళు వద్దంటే దీన్ని వెనక్కి తీసుకుపోవచ్చు. వద్దనిపించడం ఎట్లా? అది నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు! కాగితం చదువుతున్న ఆఫీసరును వదిలి, పెట్టె దగ్గరికి వచ్చిన ముసలి కాపలాయనను పట్టుకున్నాను.

"తాతా, ఇది మాంసం తినదు, పెరుగన్నం కావల్ల. బెల్లం పెట్టకపోతే అలుగుతాది. మొరగదు, దానికి గొంతే లేదు. మనుషులు పక్కన లేకపోతే నిద్రపోదు. ఇట్లాంటిదాన్ని చూసేకి ఎవురొస్తారు?"

ఆయన ఒక్కోదానికీ తల ఊపాడు, కంబళి మామ ఊపినట్టే. "హౌదమ్మా, హౌదు" అన్నాడు. "అన్నీ నిజమే. నేను చూసుకుంటా."

పెట్టె తలుపు తీశారు. కొసరు కొత్త నేలను వాసన చూస్తూ నాలుగడుగులు వేసి, ఇనుప కమ్మీల అవతల నిలబడి నా వైపు చూసింది. ఇంక నా దగ్గర మిగిలింది ఒకే ఒక్క ఉపాయం. ఓణీ దులిపి భుజాన వేసుకుని, నాకేమీ అక్కరలేనట్టు, గేటు వైపు నడిచాను. ఎవరో ఒకరు పిలుస్తారు. ఆఫీసరు పిలుస్తాడు, కాపలా తాత పిలుస్తాడు, పోనీ నాయనే పిలుస్తాడు, ఇంటికి తీసుకుపోదాం రా అని. అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయాను. తొమ్మిదో అడుగులో పిలుపు వచ్చింది. మనిషిది కాదు. ఏడాదిలో ఒక్కసారి కూడా వినని గొంతు, కింద మొదలై, సన్నబడి, పైకి లేచి, విరిగిపోయిన కేక. కొసరుకు గొంతుంది.

నేను తిరగలేదు.

మొదటి పిలుపు కదా. తిరిగితే నా అక్కర తెలిసిపోతుంది. పళ్ళ బిగువున నిలబడి రెండో పిలుపు కోసం ఎదురుచూశాను. రెండో పిలుపు వచ్చింది. కానీ అది ఇంకో వైపు నుంచి, లోపలి ఆవరణలోంచి, వేరే గొంతుతో వచ్చింది. గిరుక్కున తిరిగి చూశాను. కొసరు నాకు వీపు పెట్టి, చెవులు నిక్కించి, ఆ కేక వచ్చిన వైపు చూస్తోంది. దాని తోక మెల్లగా కదులుతోంది. మళ్ళీ గొంతెత్తింది, ఈసారి వణుకు లేకుండా. అది నాకు కాదు.

అదే లారీలో తిరిగి ఊరు చేరాం. దిగేటప్పుడు నాయన నా బొటనవేలు చూసి, తన కండువా అంచుతో తుడిచాడు. దాని మీద ఏమీ లేదు. ఆ తరువాత సంతలో ఆయన నా చెయ్యి నొక్కడం మానేశాడు. కొన్నిసార్లు మొదటి పిలుపుకే తిరిగేవాడు కూడా. నేనే ఆ పద్ధతిని వదల్లేదు. అంత పోగొట్టుకుని నేర్చుకున్న విద్యను పారెయ్యడం నష్టం అనిపించిందేమో, అంగడి బుద్ధి.

ఆ బుద్ధితోనే కాపురమూ చేశాను. మా ఇంటాయన పెళ్ళైన కొత్తలో ధర్మవరం నుంచి మామిడిపిందెల అంచు చీర ఒకటి తెచ్చాడు. దాన్ని వెనక్కి తిప్పి, అంచు దగ్గర పోగు వదులుగా ఉందని, రంగు పోతుందని, ఎవరో బాగా ముంచారని చెప్పాను. ఆయన నవ్వుకున్నాడు. ఆ చీరను నేను పండగ పండగకూ కట్టాను, చిరిగితే అతుకు వేయించుకుని కట్టాను. రంగు పోలేదు. ఆ మాట ఆయనతో అనడానికి నాకు ముప్పై ఏళ్ళు చాల్లేదు. ఆయన పోయి ఆరేళ్ళవుతోంది. స్నేహితురాళ్ళు అలిగి వెళ్ళిపోయినప్పుడల్లా రెండోసారి పిలుస్తారని వాకిట్లోనే కూర్చునేదాన్ని. అందరూ సంతలో బెల్లం అమ్మేవాళ్ళు కారు కదా, ఒకసారి పిలిచి ఊరుకునేవారు.

జూలో ఆ అరుగు మీద చాలాసేపే కూర్చున్నాను. ఈ తోడేలు కొసరు కాదని, దాని పిల్లల పిల్లలలోనిది కూడా కాకపోవచ్చునని నాకు తెలుసు. అయినా లేచే ముందు చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గోడ మీదికి వంగి, "బాగుండావు. చెవులు ముద్దుగా ఉండాయి" అన్నాను. అది ఆవలించింది. బస్సు దగ్గర నుంచి మావాళ్ళ కేకలు వినబడ్డాయి. నడవడం మొదలుపెట్టి, తొమ్మిదో అడుగులో ఆగి, ఎవరూ పిలవకుండానే వెనక్కి తిరిగి చూశాను. తుమ్మచెట్టు కింద అది మళ్ళీ పడుకుంది. ఒక చెవి మాత్రం నా వైపే ఉంది, లేదా ఈగను తోలుకుందేమో.

మా నాయన అంగడి ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల అంగడి ఉంది. ప్రతి వస్తువు మీదా ధర చీటీ అంటించి ఉంటుంది, తప్పులెంచినా ఆ చీటీ తల ఊపదు, వాకిలి దాటి వెళ్ళిపోతే రమ్మని పిలిచేవాళ్ళూ లేరు. పైగా తలుపు దానంతట అదే మూసుకుంటుంది. కొండకింది పల్లెలో గొర్రెలు కాసేవాళ్ళు ఒకరిద్దరు మిగిలారు. బీళ్ళకు కంచెలు పడ్డాయి. కొండ మీద తోడేలు కేక విని ఎన్నేళ్ళయిందని అడిగితే, ఇప్పటి పిల్లలు తోడేలు ఈ పక్క ఉండేదా అని నన్నే అడుగుతున్నారు. దీపాలు పెట్టే వేళకు నేను మిద్దె ఎక్కి కొండ వైపు చెవి పెట్టి నిలబడతాను. పక్కింటి కోడలు గాలి కోసం అనుకుంటుంది, అననీ. ఒక్క పిలుపు చాలు. ఈసారి బేరమాడను.